నలభై ఒక్క నొక్కులు

గవరయ్యకి స్పేస్ బార్ మీద ఉన్న నమ్మకం కంప్యూటర్‌లో ఇంక దేనిమీదా లేదు.

మిగతా మీటలు అక్షరమైనా వేస్తాయి, లేదంటే ఏదో ఒక వింతైనా చేస్తాయి. స్పేస్ బార్ అలాంటిది కాదు. నొక్కితే కాస్త జరుగుతుంది. ఇంకోసారి నొక్కితే ఇంకాస్త జరుగుతుంది. చెప్పిన మాట వినే మీట. పేరు పక్కన నంబరు రావాలన్నా, నంబరు పక్కన గది రావాలన్నా, దాని మీద బొటనవేలు పెట్టి టకటకా నొక్కుకుంటూ పోవడమే.

ఎన్నిసార్లు నొక్కాలో రాసుకోవడానికి చొక్కా జేబులో చిన్న నోటుబుక్కు ఉండేది. 'దాలినాయుడు' అని కొడితే ఆ తర్వాత పద్దెనిమిది నొక్కులు. 'రమ' అని కొడితే నలభై ఒకటి. పేరులో 'ఝ' ఉంటే ఒక నొక్కు తగ్గించాలి, అది వెడల్పు అక్షరం. 'ర' ఉంటే ఒకటి కలపాలి, అది సన్నం. ఏ అక్షరం ఎంత చోటు తింటుందో రెండు నెలలు కళ్ళు చికిలించి చూసి కూడబెట్టిన లెక్క అది.

గవరయ్య ఆ డిగ్రీ కాలేజీలో అటెండరు. వయసు యాభై ఎనిమిది. గంట కొడతాడు, గదుల తాళాలు తీస్తాడు, పరీక్షలొస్తే బెంచీలు వేస్తాడు. చదువు రాకుండానే స్వీపరుగా చేరి, పాతికేళ్ళ వయసులో రాత్రి బడిలో పలక పట్టిన మనిషి. 'ఋ' రానందుకు అప్పట్లో వారం రోజులు అదొక్కటే దిద్దాడు గాని, పక్క అక్షరానికి కదల్లేదు. ఆ మొండితనమే తనకి చదువు చెప్పిందని అతని నమ్మకం.

పరీక్షల విభాగంలో రికార్డ్ అసిస్టెంట్ కుర్చీ ఖాళీ అయింది. "సాయంత్రం పూట ఆఫీసు కంప్యూటర్ కోర్సు పెడుతున్నాం. ఆ సర్టిఫికెట్ తెచ్చుకో గవరయ్యా, నీ పేరు పైకి పంపిస్తాను" అన్నారు ప్రిన్సిపల్.

ముప్పై ఏళ్ళుగా ఎవరో టైపు చేసిన సీటింగ్ కాగితం పట్టుకుని తను బెంచీల మీద సుద్దతో నంబర్లు వేస్తున్నాడు. సర్వీసు ఇంకా నాలుగేళ్ళుంది. ఆ నాలుగేళ్ళూ ఆ కాగితం తన చేత్తో తయారవ్వాలి. ఈసారి తప్పితే కోర్సు మళ్ళీ ఏడాదికి గాని పెట్టరు. కుర్చీ అంతవరకూ ఆగదు.

ఆఫీసులో గుమస్తా తవిటినాయుడు ఊరుకోలేదు. "ఏటి మావా, గంట కొట్టడం మానేసి కీబోర్డు కొడతావేటి?"

"నేను టయానికి గంట కొట్టబట్టేరా నువ్విక్కడ పాసయ్యేవు. ఇదీ కొడతాను, సూస్తుండు" అన్నాడు గవరయ్య.

కోర్సు చెప్పేది రత్నకుమారి మేడం. గవరయ్య కూతురికంటే చిన్నది. గొంతు పెంచదు. ఒకసారి చెప్పిన మాట రెండోసారి చెప్పే అలవాటు లేదు.

ట్యాబ్ మీట సంగతి ఆవిడ మూడో వారంలోనే చెప్పింది. పేజీ పైన స్కేలు ఉంటుందనీ, దాని మీద గుర్తు పెట్టుకోవచ్చనీ చెప్పబోతుండగా గంట వేళయింది. గవరయ్య లేచి వెళ్ళి గంట కొట్టి వచ్చేసరికి ఆ పాఠం ముగిసింది. ఏం పోయిందో అడగాలని అతనికి అనిపించలేదు. జేబులో పుస్తకం ఉంది కదా.

ఆవిడ బల్లల మధ్య తిరుగుతూ అతని వెనక ఆగేది. అడిగేది ఒక్కటే.

"ఎన్నిసార్లు నొక్కారు గవరయ్య గారూ?"

"ఈ పేరుకా మేడం? నలభై ఒకటి."

చెప్పేటప్పుడు గవరయ్య గొంతులో కాస్త ఠీవి ఉండేది. ఆవిడ తలూపి పక్క బల్ల దగ్గరికి వెళ్ళిపోయేది.

పక్కన కూర్చునే బీకాం పిల్ల శిరీష ఉండబట్టలేక ఒకసారి అంది. "తాతా, ట్యాబ్ ఒక్కసారి నొక్కితే అంత దూరమూ జరుగుతుంది కదా!"

"నీ పని నువ్వు సూసుకోమ్మా. నా వరస సూడు. ఎక్కడైనా వంకరుందా?"

శిరీష తొంగి చూసింది. నిజమే, వంకర లేదు.

పరీక్ష శుక్రవారం. బుధవారం నాడు మాదిరి పరీక్షకని నలభై పేర్ల జాబితా ఇచ్చింది మేడం. పేరు, నంబరు, గది. గవరయ్య గంటన్నర సేపు తల ఎత్తలేదు. అయిపోయాక వేళ్ళు విరుచుకుని పిలిచాడు. ఆవిడ వచ్చి పైనుంచి కింద దాకా చూసింది.

"బావుంది. నోటీసు బోర్డుకి అంటించేదే కదా ఇది?"

"అవును మేడం."

"దూరం నుంచి పిల్లలకి కనబడదు. అక్షరాలు కొంచెం పెద్దవి చెయ్యండి."

అంతే కదా అనుకున్నాడు. అంతా ఎంచుకుని సైజు పెంచాడు.

గాలి తగిలిన విస్తరాకుల్లా లేచిపోయింది పేజీ. నంబర్లు ఒకటి లోపలికి, ఒకటి బయటికి. గది నంబర్లు సగం కింద లైనులోకి జారిపడ్డాయి. దాలినాయుడి గది రమ పేరుకి ముందొచ్చి కూర్చుంది.

గవరయ్య జేబులోంచి పుస్తకం తీశాడు. అందులో ఉన్నవన్నీ చిన్న అక్షరాల లెక్కలు. కొత్త పేజీ తిప్పి, పైన 'పెద్ద అక్షరం' అని రాసి, కింద గీత గీసి, మొదటి పేరు దగ్గర నుంచి మొదలుపెట్టాడు.

చీకటి పడేసరికి పదకొండు పేర్లు నిలబడ్డాయి. పిల్లలు ఒక్కొక్కరే వెళ్ళిపోయారు. శిరీష పుస్తకాలు సర్దుకుంటూ తెర వైపు చూసింది.

"తాతా, నాలుగో పేరుకి ఇంటిపేరు పెట్టలేదు నువ్వు."

పెట్టాడు. ఆ లైనులో నంబరూ గదీ రెండూ పక్కకి తోసుకుపోయాయి.

గవరయ్య కుర్చీలోంచి లేచి మేడం బల్ల దగ్గరికి వెళ్ళి నిలబడ్డాడు.

"మేడం, నేను మొండోణ్ణి. ఎన్నిసార్లు సెదిరినా మళ్ళీ పేరుస్తాను. కానీ ఎల్లుండి పరీక్షకి గంటే టయం. గంటలో పేర్చలేను. ఎందుకిలా సెదిరిపోతన్నాయో అదొక్కటి సెప్పండి."

ఆవిడ కిటికీ తలుపు లాగి గెడ వేసింది.

"రేపు పొద్దున బెంచీలు ఏ గదిలో వేస్తున్నారు?"

"మూడో నంబరులో. ఎందుకు మేడం?"

"వస్తాను."

బెంచీలు వెయ్యడంలో గవరయ్యకి ఒక పద్ధతి ఉంది. మేస్త్రీలు గోడ కట్టేటప్పుడు లాగే నీలం దారం ఒకటి అతని దగ్గర ఎప్పుడూ ఉంటుంది. నల్లబల్ల కింద ఉన్న మేకుకి ఒక కొస, వెనక కిటికీ ఊచకి ఇంకో కొస. బిగించి లాగి కడతాడు. ప్రతి బెంచీ ఎడమ కాలూ ఆ దారాన్ని తాకేలా జరుపుతాడు. అతను వేసిన గదిలో వరస చూసి ఇంతవరకూ ఎవరూ వేలెత్తి చూపలేదు.

గురువారం పొద్దున అతను మేకుకి ముడి వేస్తుండగా రత్నకుమారి మేడం గుమ్మంలోకి వచ్చింది. చెయ్యి చాపింది.

"ఆ దారం ఒకసారి ఇవ్వండి."

ఇచ్చాడు. ఆవిడ దాన్ని నాలుగు వేళ్ళకీ చుట్టి, చుట్ట తీసి, బ్యాగులో వేసుకుంది.

"ఇప్పుడు వెయ్యండి."

"దారం లేకుండానా?"

"ముప్పై ఏళ్ళ చెయ్యి కదా మీది."

ఆ మాటకి గవరయ్యకి పౌరుషం వచ్చింది. తువ్వాలు తలకి చుట్టాడు. మొదటి బెంచీ వేశాడు. రెండోది వేసి, వంగి, ఒక కన్ను మూసి చూశాడు. మొదటిదానికి సరిగ్గా ఉంది. మూడోది రెండోదానికి సరిపెట్టాడు. నాలుగోది మూడోదానికి. ప్రతిదానికీ వంగి చూశాడు, చెయ్యి పెట్టి కొలిచాడు. పన్నెండు బెంచీలు. చొక్కా తడిసిపోయింది.

పన్నెండోది వేసేసరికి దాని కొస తలుపుకి అడ్డం పడింది. తలుపు మూతపడలేదు.

గవరయ్య నల్లబల్ల దగ్గరికి వెళ్ళి అక్కడి నుంచి చూశాడు. వరస మొత్తం గుమ్మం వైపు వంగిపోయి ఉంది, దారి తప్పిన కాలువలాగ.

"ఏ బెంచీ వంకర?" అని అడిగింది మేడం.

అతను మళ్ళీ వెనక్కి నడిచాడు. ఒక్కొక్క బెంచీ దగ్గరా ఆగాడు. ఐదోది చూశాడు, నాలుగోదానికి సరిగ్గానే ఉంది. తొమ్మిదోది చూశాడు, ఎనిమిదోదానికి సరిగ్గానే ఉంది.

"ఏదీ వంకర లేదు మేడం. ముందుదాన్ని సూసి ఎనకది..."

గవరయ్య చెయ్యి బెంచీ మీదే ఉంది. గోడకున్న మేకు వైపు చూశాడు. కిటికీ ఊచ వైపు చూశాడు.

తల తిప్పేసరికి గుమ్మంలో మేడం లేదు. దారం ఆవిడ బ్యాగుతోపాటే వెళ్ళిపోయింది.

స్టోరు గదిలోంచి కొబ్బరి తాడు తెచ్చుకుని, బిగించి కట్టి, పన్నెండు బెంచీలూ మళ్ళీ వేశాడు. పావుగంట పట్టింది.

సాయంత్రం అందరికంటే ముందు ల్యాబ్‌కి వచ్చి కూర్చున్నాడు. శిరీష రాగానే గొంతు తగ్గించి అడిగాడు.

"అమ్మా, ఆ రోజు నేను గంట కొట్టడానికి ఎల్లినప్పుడు మేడం ఏటి సెప్పేరు?"

శిరీష నవ్వబోయి, అతని ముఖం చూసి మానేసింది. కుర్చీ దగ్గరికి లాక్కుంది.

"పైన స్కేలుంది చూడు తాతా. పేర్లన్నీ ఎంచుకో. ఇప్పుడు స్కేలు మీద నంబర్లు ఎక్కడ రావాలో అక్కడ నొక్కు."

నొక్కాడు. స్కేలు మీద చిన్న గుర్తు ఒకటి పడింది. మేకు కొట్టినట్టు.

"గది కోసం ఇంకోటి."

ఇంకో మేకు.

"ఇప్పుడు నీ ఖాళీలన్నీ తీసేసి ట్యాబ్ కొట్టు."

నలభై ఒక్క నొక్కులు చెరిపాడు. చెరపడానికీ అంతసేపే పట్టింది. ఎడమ పక్కనున్న ట్యాబ్ మీట ఒక్కసారి నొక్కాడు. నంబరు లేచి వెళ్ళి మేకు కింద నిలబడింది. తర్వాత పేరుకీ అంతే. ఆ తర్వాత పేరుకీ అంతే. పెద్ద పేరైనా చిన్న పేరైనా, 'ఝ' ఉన్నా 'ర' ఉన్నా, నంబరు వచ్చి అక్కడే నిలబడుతోంది.

గవరయ్య అన్నీ ఎంచుకుని అక్షరాలు పెంచాడు. కళ్ళు మూసుకోబోయి, మూసుకోకుండా చూశాడు.

వరస కదల్లేదు.

ఆ సాయంత్రం అతను అదే జాబితా ఆరుసార్లు చేశాడు. శిరీష వెళ్ళిపోయాక కూడా చేశాడు. మేడం తన బల్ల దగ్గర ఏవో కాగితాలు దిద్దుకుంటోంది. ఒక్కసారైనా అటు వచ్చి చూడలేదు.

శుక్రవారం బయటి కాలేజీ నుంచి ఎగ్జామినర్ వచ్చాడు. కళ్ళజోడు మీదుగా గవరయ్యని చూసి, "మీరు కూడా పరీక్ష రాస్తున్నారా?" అన్నాడు.

"రాస్తన్నాను బాబూ."

ముప్పై పేర్లు ఇచ్చారు. గవరయ్య ముందు స్కేలు మీద రెండు గుర్తులు పెట్టుకున్నాడు. తర్వాతే మొదటి పేరు కొట్టాడు. వేళ్ళు నెమ్మదే. ఆగలేదు.

ఎగ్జామినర్ పక్కకి వచ్చి నిలబడ్డాడు. "మధ్యలో ఒక పేరు తప్పిపోయింది, చేర్చండి." చేర్చాడు. "ఇంటిపేర్లు కూడా పెట్టండి." పెట్టాడు. "అక్షరాలు పెద్దవి చెయ్యండి." చేశాడు.

ఎగ్జామినర్ పేజీని ఒకసారి పైకీ కిందికీ తిప్పాడు. మార్కుల కాగితంలో అంకె వేశాడు. గడియారం చూసుకున్నాడు.

"ఇంకా పదిహేను నిమిషాలుంది. మీరు వెళ్ళొచ్చు. పాసయ్యారు."

వరండాలో తవిటినాయుడు ఎదురొచ్చాడు. "ఏటి మావా, ఏటయింది?"

"పరీక్షల సెక్షన్లో ఆ కుర్చీ ఉంది సూడు, దుమ్ము దులిపి ఉంచు" అని నడుస్తూనే చెప్పాడు గవరయ్య.

వరండా చివర రత్నకుమారి మేడం నిలబడి ఉంది. ఎగ్జామినర్‌ని ఆవిడ అడగలేదు. మార్కుల కాగితం చూడలేదు. ఎప్పుడూ అడిగేదే అడిగింది.

"ఎన్నిసార్లు నొక్కారు గవరయ్య గారూ?"

గవరయ్య చెయ్యి అలవాటుగా చొక్కా జేబు దగ్గరికి వెళ్ళింది. నోటుబుక్కు మీద ఆగింది. దాన్ని బయటికి తియ్యలేదు.

"లెక్కపెట్టలేదు మేడం."

ఆవిడ బ్యాగు తెరిచి, నీలం దారం చుట్ట తీసి, అతని చేతిలో పెట్టింది.