గవరయ్య దించిన యాంటెనా

అనగనగా ఒక అడవి. ఆ అడవికి ఎటు నుంచి వచ్చినా, చెట్లకంటే ముందు ఒక యాంటెనా కనిపించేది. పొడవాటి వెదురు బొంగు, దాని చివర చేపముల్లు లాంటి ఇనుప పుల్లలు. అది ఎలుగుబంటి పోలమ్మ ఇంటి కప్పు మీద ఉండేది. అడవి మొత్తానికి టీవీ ఉన్నది ఆ ఒక్క ఇంట్లోనే మరి.

ఆ యాంటెనాను తిప్పే పని కొండముచ్చు గవరయ్యది. ఆదివారం సాయంత్రం అయ్యేసరికి కుందేళ్ళూ, దుప్పులూ, ముళ్ళపందులూ పిల్లాజెల్లాతో వచ్చి పోలమ్మ ఇంట్లో చాప మీద సర్దుకుని కూర్చునేవి. దూరంగా కొండ మీద ఒక టవర్ ఉంది. పక్షుల పాటలు అక్కడి నుంచే వచ్చేవి. సరిగ్గా పాట మొదలయ్యే వేళకే బొమ్మ చెదిరిపోయేది. వెంటనే గవరయ్య కప్పు మీదికి ఎగబాకేవాడు.

"వచ్చిందేటి?" అని పైనుంచి కేకేసేవాడు.

"వచ్చిందేటి అంటన్నాడు," అని గుమ్మంలో నిలబడ్డ దుప్పి ఆ కేకను లోపలికి అందించేది.

"నీడల్లే ఉంది. కొంచెం కొండేపు తిప్పమను," అని టీవీ దగ్గర నుంచి పోలమ్మ చెప్పేది.

గవరయ్య తిప్పేవాడు. బొమ్మ వస్తే మాట పోయేది. మాట వస్తే బొమ్మ పోయేది. మూడోసారికి లోపల అందరూ ఒక్కసారే, "అక్కడే, అక్కడే, కదలకు మావా," అని అరిచేవారు. గవరయ్య కదిలేవాడు కాదు. చెయ్యి తీస్తే బొమ్మ పోతుంది కదా, అందుకని పాటలయ్యేదాకా బొంగు పట్టుకుని కప్పు మీదే కూర్చునేవాడు. కింద నుంచి నవ్వులు వినబడితే, ఎందుకో తెలియకపోయినా తనూ నవ్వుకునేవాడు.

ఇంతలో కాకి మంగమ్మ వచ్చి ఇనుప పుల్ల మీద వాలేది. ఒక్కతే కాదు, తను పెంచిన కోకిల పిల్ల నల్లోడిని కూడా వెంటేసుకుని. ఇంకేముంది, నిలిచిన బొమ్మ కాస్తా పోయేది.

"ఓసి మంగమ్మా, ఇంత అడవిలో నీకు వాలడానికి ఇంకో కొమ్మే దొరకలేదేటి?" అని గవరయ్య కసిరేవాడు.

"ఇక్కడ కూకుంటేనే మా నల్లోడికి గొంతు పెగుల్తాది మావా," అనేది మంగమ్మ.

అది నిజమే. కింద వినబడే పాటలు వింటూ నల్లోడు ఆ పుల్ల మీదే పాట నేర్చాడు. ఒకసారి తుళ్ళిపడి ఆ ఇనుముకే కొట్టుకుని ముక్కు పక్కన గాయం చేసుకున్నాడు. ఆ చోట మళ్ళీ ఈక మొలవలేదు. రెక్కలు గట్టిపడ్డాక పాటల కోసం కొండ మీదికి ఎగిరిపోయాడు. మంగమ్మ మాత్రం ఆ పుల్ల మీద వాలడం మానలేదు. గవరయ్య కసరడం మానేశాడు.

ఒక వానాకాలం పాత టీవీ తడిసి మూగబోయింది. తలా ఇంత వేసుకుని పలకలాంటి కొత్త టీవీ తెచ్చుకున్నారు. అట్టపెట్టె ఇంకా పూర్తిగా విప్పనే లేదు, గొడుగులాంటి డిష్ భుజాన వేసుకుని నక్క నూకరాజు గుమ్మంలో ప్రత్యక్షమయ్యాడు.

"ఇది హెచ్‌డీ టీవీ," అన్నాడు నూకరాజు. "ఇందులో చీమ నడిస్తే దాని కాళ్ళు కూడా కనిపిస్తాయి. కానీ హెచ్‌డీ బొమ్మ ఊరికే రాదు. నా డిష్ పెట్టించుకోవాలి. చూసే ఇల్లల్లా నెలకో దొప్ప తేనె చందా ఇవ్వాలి."

"మరి మా యాంటెనా?" అంది పోలమ్మ.

నూకరాజు పకపకా నవ్వాడు. "ఇంకా యాంటెనాలేంటి పోలమ్మా? చూసినవాళ్ళు నవ్విపోతారు."

అందరూ గవరయ్య వైపు చూశారు. కొత్త టీవీకి కూడా యాంటెనా ఒకసారి తగిలించి చూద్దాం అన్న మాట గవరయ్య నాలుక చివరిదాకా వచ్చింది. కానీ నక్క మళ్ళీ నవ్వితే? పాతకాలం వాడు అంటే? ఆ సిగ్గుతో మాట మింగేశాడు. అంతటితో ఆగాడా, తనంతట తానే కప్పెక్కి యాంటెనా దించేశాడు. పోలమ్మ దాన్ని పెరట్లో పాతి చిక్కుడు తీగ పాకించింది.

నూకరాజు డిష్ బిగించాడు. బొమ్మ అద్దంలా వచ్చింది, కాదనలేం. పులుల కుస్తీలు వచ్చాయి, ఏనుగుల పందాలు వచ్చాయి, పక్షుల పాటలూ వచ్చాయి. మొదటి నెల అందరూ చందా ఇచ్చారు. రెండో నెల ముళ్ళపందులు రావడం మానేశాయి. మూడో నెల కుందేళ్ళు మానేశాయి. చాప సగం ఖాళీ. ఆదివారం సాయంత్రం గవరయ్య కాళ్ళు వాటంతట అవే కప్పు వైపు నడిచేవి. పిలిచేవాళ్ళు లేక, లోపలికి పోబుద్ధి కాక మళ్ళీ ఇంటికే తిరిగేవి.

అలాంటి ఒక ఆదివారం పొద్దున్నే మంగమ్మ ఎగిరొచ్చింది. ఆ సాయంత్రం కొండ మీది టవర్‌లో నల్లోడు పాడుతున్నాడట. పాడేవాళ్ళని తప్ప ఇంకెవరినీ అక్కడ లోపలికి రానివ్వరట.

"నూకరాజు బాబూ, నా బిడ్డ మొహం ఒక్కసారి చూసుకుంటాను," అంది చందా వసూలుకొచ్చిన నక్కతో.

"హెచ్‌డీ అంటే చందా," అన్నాడు నూకరాజు.

"కిటికీలోంచి చూస్తాను."

"కిటికీలోంచి చూసినా చందా."

"పోనీ, గొంతు విని పోతాను."

"విన్నా చందానే."

కాకి దగ్గర తేనె ఎక్కడిది? మంగమ్మ పెరట్లోకి వెళ్ళి, చిక్కుడు తీగ మధ్య కనబడే ఇనుప పుల్ల మీద వాలింది. గవరయ్య చూశాడు. దగ్గరికి వెళ్ళాడు.

"తప్పు నాది మంగమ్మా," అన్నాడు. "ఆ రోజే నాకు అనుమానం వచ్చింది. నవ్వుతారని అడగలేదు. నాకోసం కొండ దాకా ఎగిరెళ్ళు. మీ పాటలు చూడాలంటే చందా కట్టాలేటి అని అక్కడోళ్ళనే అడుగు."

మంగమ్మ వెళ్ళింది. మధ్యాహ్నానికల్లా రొప్పుతూ తిరిగొచ్చింది.

"టవర్ కాసే కొంగని అడిగాను మావా. చందా ఏటి అని అదే నన్ను అడిగింది. పాటలు ఊరికే గాల్లోకి వదుల్తారంట. రెండేళ్ళ బట్టి హెచ్‌డీలో కూడా వదుల్తన్నారంట. కుస్తీలూ పందాలూ వేరేవోళ్ళవి, వాటికే చందా. పాటలకి యాంటెనా చాలంట."

గవరయ్య తిన్నగా పోలమ్మ ఇంట్లోకి నడిచాడు. అందరి ముందూ తన తప్పు చెప్పుకున్నాడు. "మీ చిక్కుడు పూతకొచ్చింది, నాకు తెలుసు. అయినా ఆ బొంగు నాకిచ్చెయ్యాలి," అన్నాడు.

నూకరాజు మళ్ళీ నవ్వాడు. ఈసారి గవరయ్య తలదించుకోలేదు. పోలమ్మ టీవీ వెనక్కి వంగి చూసింది. యాంటెనా వైరు పెట్టే చోటు అక్కడే ఉంది, ఎవరూ చూడలేదంతే.

"చిక్కుడు మళ్ళీ ఏసుకుంటాను," అని తనే తీగ పీకేసింది.

కబురు అందగానే ముళ్ళపందులొచ్చాయి, కుందేళ్ళొచ్చాయి. దుప్పి గుమ్మంలో నిలబడింది. గవరయ్య కప్పెక్కాడు.

"వచ్చిందేటి?"

"వచ్చిందేటి అంటన్నాడు."

"నల్లగా ఉంది. కొండేపు తిప్పమను."

తిప్పాడు. నలుపే. ఇంకొంచెం తిప్పాడు. నలుపే. నూకరాజు దగ్గాడు. గవరయ్య కళ్ళు మూసుకుని, వెనకటి ఆదివారాల్లో చెయ్యి ఎక్కడ ఆగేదో గుర్తు చేసుకుని, అక్కడిదాకా తిప్పాడు.

ఆ వెంటనే కోకిల గొంతు వినిపించింది.

బొమ్మ అద్దంలా ఉంది. మంగమ్మ తెరకు దగ్గరగా గెంతింది. "అదిగో, ముక్కు పక్కన ఈక ఇప్పటికీ మొలవలేదు నా తండ్రికి," అని ఏడ్చింది, నవ్వింది.

"నూకరాజూ," అంది పోలమ్మ, "కుస్తీలు కావాలనిపిస్తే నీ దగ్గరికే వస్తాం, నీ చందా ఇస్తాం. గాల్లో వచ్చే పాటని మాత్రం మాకు అమ్మకు." నూకరాజు డిష్ విప్పి భుజాన వేసుకుని చల్లగా జారుకున్నాడు.

కప్పు మీద గవరయ్య బొంగు వదలకుండా పట్టుకునే ఉన్నాడు. దుప్పి బయటికొచ్చి పైకి చూసింది. "ఈ కొత్త దానికి పట్టుకోనక్కర్లేదు మావా. కట్టేసి దిగిరా. నీకు చోటుంచాం."

గవరయ్య మెల్లగా ఒక్కో వేలే తీశాడు. బొమ్మ పోలేదు. బొంగును తాడుతో కట్టేసి కిందికి దిగి, చాప మీద మంగమ్మ పక్కన కూర్చున్నాడు. ఇన్నేళ్ళ ఆదివారాల్లో అతను పాటలు చూడడం అదే మొదటిసారి.

నీతి: నవ్వుతారని అడగడం మానేస్తే, అందరికీ ఉచితంగా అందేదాన్ని కూడా కొనుక్కోవలసి వస్తుంది.