సీమ సైకిలుకు సీమ రేకు

గొల్లపేట జమీందారుగారు సీమ నుంచి ఓడ మీద సైకిలు తెప్పించుకున్నారు. ఆ మధ్యాహ్నం ఆయన కాలు ఒకచోట నిలవడం లేదు. సాయంత్రం పక్క జమీందారు ఎదుట సైకిలు తొక్కి చూపించాలి. చూస్తే హ్యాండిలు ఊగిపోతూ టకటక కొట్టుకుంటోంది.

కమ్మరి లింగాచారిని పిలిపించారు. అతను బండిని రెండుసార్లు ముందుకీ వెనక్కీ ఊపి చూశాడు.

"హ్యాండిలు కింద గొట్టంలో ఇనప గుండ్లు తిరిగే కప్పు వదులైంది ప్రభూ. చుట్టూ సన్నటి రేకు పెట్టి దిగ్గొడితే బిగుస్తుంది."

"ఏ రేకు? నీ కొలిమి దగ్గర పడున్న తుప్పు రేకా?" జమీందారుగారు మండిపడ్డారు. "సీమ బండిలోకి సీమ సరుకే వెళ్లాలి. నాటు ముక్క పెట్టావో, నీ కొలిమి ఆర్పించేస్తాను!"

"సీమ సరుకు రావాలంటే ఆరు నెలలు పడుతుంది ప్రభూ."

"నాకు సాయంత్రానికి కావాలి!" అంటూ ఆయన మళ్లీ పచార్లు మొదలుపెట్టారు. కంగారులో చేతిలోని డబ్బా నుంచి బిస్కట్టు మీద బిస్కట్టు నములుతున్నారు.

లింగాచారి ఆ డబ్బా వంక చూశాడు. "ఆ బిస్కట్లు ఎక్కడివి ప్రభూ?"

"సీమవి. డబ్బాతో సహా!"

"అయితే ఆ మూత ఇలా ఇప్పించండి."

మూతలోంచి సన్నటి రేకు కత్తిరించి, కప్పు చుట్టూ చుట్టి, చెక్క అడ్డం పెట్టి సుత్తితో దిగ్గొట్టాడు. టకటక ఆగిపోయింది. జమీందారుగారు పెరడంతా మూడు చుట్లు తొక్కి దిగారు.

"చూశావా సీమ రేకు మహిమ! నీ నాటు రేకుతో ఇలా బిగిసేదా?"

"బిగిసేది ప్రభూ. బండికి ఏ రేకైనా ఒకటే," అన్నాడు లింగాచారి, సుత్తి సంచిలో వేసుకుంటూ. "సీమ రేకు కావలసింది తమరికే."