నడుమెత్తు గోడల గంగమ్మ

పూర్వం కళింగతీరం నుండి బయలుదేరిన ఓడ ఒకటి గాలివానలో పగిలిపోగా, అందులోని పదకొండు కుటుంబాలవారు చెక్కలు పట్టుకొని కొట్టుకొనివచ్చి, నడిసముద్రంలో చేతిగాజువలె గుండ్రంగా ఉన్న ఒక దీవిని చేరుకొన్నారు. గాజు అని ఊరికే అనలేదు. చుట్టూ సన్నని నేల, నడుమ నిశ్చలమైన మడుగు, అందులోనికి సముద్రం రావడానికి ఒకే ఒక్క గండి. మడుగు అడుగున చాటలంతేసి ఆలుచిప్పలు నోళ్లు తెరచుకొని నీలాలవలె మెరుస్తూ ఉండేవి. తరతరాలుగా చచ్చిన చిప్పలు గండి దగ్గర మేటవేసి, వచ్చిన కెరటాన్ని వచ్చినట్టే విరిచేవి. ఒడ్డున ఇసుక తవ్వితే మంచినీరు ఊరింది. ప్రాణాలు నిలిపిన ఆ జలానికి గంగమ్మ అని పేరుపెట్టుకొని, తల్లికి గుడి కడతామని అందరూ మొక్కుకొన్నారు.

గుడికి రాయి కావాలి. దీవిలో రాయి లేదు. అందువల్ల గురువులు అనే పెద్దమనిషి గండి దగ్గరి మేటను తవ్వించి, కొన్ని చిప్పలతో గోడ పేర్పించి, కొన్నిటిని కాల్పించి సున్నం చేయించాడు. సున్నపు బట్టీ పని అసిరితల్లి అనే ఆమెది. భర్తను సముద్రం తీసుకొన్నా, చూలాలైన కూతురిని గంగమ్మ మిగిల్చిందన్న కృతజ్ఞతతో ఆమె కూలి అడగక పనిచేసింది. గోడలు నడుమెత్తు లేచాయి.

ఆ ఏటి గాలివానకు కెరటాలు అడ్డులేక గండిలో నుంచి దూసుకువచ్చి నేలనంతా ముంచాయి. ఇక్కడొక సంగతి తెలియాలి. అటువంటి దీవులలో మంచినీరు పాతాళంలో ఉండదు. కురిసిన వాన ఇసుకలోనికి ఇంకి, ఉప్పునీటి మీద పలుచగా తేలుతుంది. పైనుంచి ఉప్పునీరు పడితే ఆ పొర చెడుతుంది. బావి అలాగే చెడింది. మడుగులో ఇసుక కమ్మి ఆలుచిప్పలు నోళ్లు మూసుకొన్నాయి. అసిరితల్లి కూతురు అప్పుడే ప్రసవించింది. కొబ్బరినీళ్లతో బాలింత ప్రాణం నిలుస్తోంది గాని పాలు పడటం లేదు.

గంగమ్మతల్లి కోపించింది, గుడి త్వరగా ముగించాలి, ఇంకో నూరు గంపల చిప్పలు తవ్వండి అని గురువులు ఆజ్ఞాపించాడు. అసిరితల్లి బట్టీ రాజేయలేదు. బావినీళ్లు ముంతతో తెచ్చి అతని ముందు పెట్టింది.

“సున్నం కాల్చేదానివి, మొక్కుల సంగతి నీకేం తెలుసే?” అన్నాడతను.

“తెలీదు మావా. నువ్వు ఈ నీళ్లు తాగి సెప్పు.”

అతడు నోట పోసుకొన్నాడు, మింగలేకపోయాడు.

“అమ్మకి ఇల్లు కడతామని అమ్మింటి గోడే పీకీసినాం. కాల్చిన సెయ్యి నాదే. నాకూ సిగ్గుగానే ఉంది” అందామె.

గురువులు లేచి, గోడకని పోగుచేసిన చిప్పల గంపను తానే నెత్తికెత్తుకొని గండివైపు నడిచాడు. అందరూ వెనుక నడిచారు. కాల్చకుండా మిగిలిన చిప్పలన్నిటినీ గండిలో పేర్చారు. బాలింతకు ఇంటింటా కొబ్బరికాయలు వంతు వేసుకొన్నారు. పాలు పడ్డాయి, శిశువు బతికింది. రెండు వానకాలాలు గడిచి మూడవ దానిలో బావినీరు మళ్లీ తియ్యనైంది. గండిలో పేర్చిన పాత చిప్పలను అంటిపెట్టుకొని, గోరంతేసి కొత్త ఆలుచిప్పలు నోళ్లు తెరిచాయి. అవి చూచి గురువులు, తల్లి తన గోడ తానే కట్టుకొంటోంది, మన గోడ ఇంతటితో చాలునన్నాడట.

నేటికీ ఆ గుడి గోడలు నడుముకు మించి లేవు. పైన ఏటేటా వేసే కొబ్బరాకుల కప్పే. మడుగులో దిగినవారు చిప్పను తాకబోయే ముందు అరచేతి నీడ దానిమీద పడనిస్తారు. నీడకు అది ముడుచుకొంటే ప్రాణమున్నదని దండంపెట్టి వదలుతారు. ముడుచుకోకపోతే తీసి గండిలో చేరుస్తారు. గోపురం కట్టిస్తామని వచ్చే భక్తులను పూజారి కాదనడు, ఔననడు. గర్భగుడిలోని పెద్ద ఆలుచిప్పలో నుంచి బావినీళ్లు దోసిట్లో పోసి, తాగమంటాడు. తియ్యగా ఉంటాయి.