ఒక్క చోటు నుంచే వచ్చే కూత

జీలుగుకోన అడవి చుట్టూ నిట్టనిలువు కొండలు. ఆ అడవిలో కుందేళ్ళు, కణుజులు, ముంగిసలు, నెమళ్ళు, అడవికోళ్ళు ఉండేవి. వేటగాడన్నవాడు ఆ కొండలు దాటి ఎప్పుడూ లోపలికి రాలేదు. అందుకే అక్కడి ప్రాణులకు పులి భయం తెలుసు, గద్ద భయం తెలుసు. మనిషి భయం మాత్రం తెలియదు.

అడవికోళ్ళకు పెద్ద ఒక పుంజు. నెత్తి మీద ఎర్రగా నిగనిగలాడే జుట్టు చూసి అందరూ అతన్ని తురాయి అని పిలిచేవారు. వేకువన తురాయి కూసేదాకా మిగతా పుంజులు గొంతు విప్పేవి కావు. ఎక్కడైనా కొత్త పుంజు కూసిందంటే చాలు, తురాయి తిరిగి కూసేవాడు. కూత వచ్చిన దిక్కుకు నేరుగా వెళ్ళి, పోట్లాడి, దాన్ని తరిమేసి వచ్చేవాడు. పుంజుల లోకంలో పరువంటే అదే. కూతకు బదులు పలకని పుంజును పెట్టలు కూడా లెక్కచేయవు.

అతని భార్య పేరు గరికమ్మ. నోరు తక్కువ, ఓర్పు ఎక్కువ. వాళ్ళకు ఒక్కగానొక్క కూతురు చిగురు.

చిగురు ఇంటి దగ్గర లేదు. నల్లవాగు అవతల, పొగమాను అడవిలో చదువుకుంటోంది. కొండల అవతల వేటగాళ్ళు తిరుగుతున్నారనీ, ఏదో ఒకనాడు జీలుగుకోనకూ వస్తారనీ దారిన పోయే పిట్టలు చెప్పాయి. అడవి పెద్దలంతా కూర్చుని మాట్లాడుకున్నారు. వేటగాళ్ళ మధ్య ఎలా బతకాలో నేర్చుకుని రావడానికి ఒక పిల్లను పంపాలనుకున్నారు. చిగురు చెవులు చురుకైనవి. అందుకని చిగురును పంపారు.

తురాయి కూతురి చదువు గురించి కనబడ్డ ప్రతివాళ్ళకూ చెప్పేవాడు. "మా అమ్మాయి పరాయి అడవిలో పెద్ద చదువు చదువుతోంది" అనేవాడు. "ఏం చదువయ్యా?" అని అడిగితే మాత్రం "చాలా పెద్ద చదువు" అని మెడ నిక్కించి ముందుకు సాగిపోయేవాడు. అక్కడ ఏం నేర్పుతారో అతనికి తెలిస్తే కదా!

వానలు వెనకబట్టాక గరికమ్మకు బెంగ పట్టుకుంది. "పిల్లను చూసి ఎన్నాళ్ళయిందయ్యా. ఒక్కసారి వెళ్ళొద్దాం" అంది. తురాయి సరేనన్నాడు. గరికమ్మ వెదురు బియ్యం ఏరి, మోదుగాకులో పొట్లం కట్టింది. ఆ పొట్లం ముక్కున కరుచుకుని దారి పొడుగునా ఒక్క గింజ జారనివ్వలేదు. దానివల్ల మాట్లాడే వీలు లేకపోయింది. మాటలన్నీ తురాయే మాట్లాడాడు.

పొగమాను అడవి గట్టు మీదే చిగురు ఎదురొచ్చింది. గరికమ్మ పొట్లం వదిలేసి బిడ్డ మెడలో ముక్కు దూర్చింది. పిల్ల చిక్కిపోయింది. ఈకలకు మట్టి రంగు పట్టింది. కానీ కళ్ళు మాత్రం వెలుగుతున్నాయి.

"అమ్మడూ!" అని తురాయి అడవి అదిరేలా పిలిచాడు.

"ష్! నాన్నా, మెల్లగా" అంది చిగురు.

తురాయి ముఖం వాడిపోయింది. అంత దూరం నడిచి వస్తే మొదటి మాట అదా! గరికమ్మ ఇద్దరి మధ్యా నిలబడి "దారిలో అలిసిపోయాంలే" అని మాట మార్చింది.

ఆ అడవి తీరే వేరు. అక్కడ ఎవరూ ఎండుటాకుల మీద కాలు మోపరు. కోళ్ళు తడి నేలనే గీరుతాయి. నెమళ్ళు కేకవేయవు. పిల్లలకు పాఠం చెప్పేది ఒక ముసలి ఏట్రింత పిట్ట. నల్లటి ఒళ్ళు, చీలిన తోక. ఆమె చెప్పే చదువు పేరు చెవి చదువు. కళ్ళు మూసుకుని వినడం, విన్న చప్పుడు ఎవరిదో, ఎక్కడిదో, ఎందుకు వచ్చిందో చెప్పడం.

"వినడానికి చదువెందుకు? చెవులు లేవా?" అన్నాడు తురాయి. పాఠానికి కూర్చున్న కుందేలు పిల్లలు నవ్వు ఆపుకోలేకపోయాయి. చిగురు సిగ్గుతో తల దించుకుంది. ఆ సిగ్గు తురాయి కంటబడింది. అతనికి తల తీసేసినట్టయింది.

ఆ సాయంత్రం గరికమ్మ పొట్లం విప్పింది. చిగురు వెదురు బియ్యం ఒక్కొక్క గింజా చప్పరిస్తూ తింది. తల్లి కడుపు నిండింది. తురాయి మాత్రం పక్కకు తిరిగి కూర్చున్నాడు.

తెల్లవారుతుండగా లోయ అడుగు నుంచి ఒక కూత వినిపించింది. బిగ్గరగా, పొగరుగా, రమ్మని పిలుస్తున్నట్టు ఉంది. తురాయి మెడ ఈకలు లేచాయి. నోరు తెరవబోయాడు. చిగురు ఒక్క గెంతులో వచ్చి అతని ముందు నిలబడింది.

"వద్దు నాన్నా. అది కట్టేసిన కోడి. వేటగాడు దాని కాలికి తాడు కట్టి, గుంజకు కట్టేశాడు. చుట్టూ ఉచ్చులు పరిచాడు. దాని కూతకు బదులు పలికి కొట్లాటకు వెళ్ళిన పుంజు తిరిగి రాదు."

"నువ్వు చూశావా?"

"చూడక్కర్లేదు. విను. స్వేచ్ఛగా తిరిగే పుంజు ఒకసారి కూసి నాలుగడుగులు వేస్తుంది. మళ్ళీ కూస్తే ఆ కూత ఇంకో చోటు నుంచి వస్తుంది. ఇది చూడు, ఎన్నిసార్లు కూసినా ఒక్క చోటు నుంచే వస్తోంది."

తురాయికి కోపం నషాళానికంటింది. "నువ్వు గుడ్డులో ఉన్నప్పటినుంచీ నేను కూస్తున్నాను. నాకు కూత గురించి పాఠం చెబుతావా? ఈ అడవిలో పుంజులన్నీ పిరికివైపోయాయి. ఆ పిరికితనానికే మీరు చదువని పేరు పెట్టుకున్నారు!"

"నాన్నా, నీకు తెలియదు, ఊరుకో!" అంది చిగురు. భయంతో గొంతు కాస్త పెరిగింది.

పిల్లలూ, సరిగ్గా ఇక్కడే గరికమ్మ ఒక పొరపాటు చేసింది. కూతురి మాట నిజమని ఆమె మనసుకు తెలుసు. ఆ కూత ఒక్క చోటు నుంచే రావడం ఆమె కూడా విన్నది. అయినా మొగుడి ముఖం చూసి జాలిపడింది. "పెద్దంతరం చిన్నంతరం లేకుండా ఏమిటే ఆ మాట? నాన్నకు క్షమించమని చెప్పు" అంది.

చిగురు తల్లి వంక చూసింది. తర్వాత "తప్పయింది నాన్నా" అంది. తురాయి గెలిచినట్టు తల ఎగరేశాడు. ఆ పూటకి కూయలేదు.

మర్నాటి వేకువన లోయలో కోడి మళ్ళీ కూసింది. చిగురు అప్పటికే పాఠానికి వెళ్ళింది. తురాయి లేచి నిలబడ్డాడు.

"వద్దయ్యా" అంది గరికమ్మ.

"నువ్వూ దాని పాటే పాడుతున్నావా? నిన్న తప్పొప్పుకుంది కదా! ఒక్కసారి వెళ్ళి ఆ పుంజును తరిమేసి వస్తే, కూతురికీ, ఆ కుందేలు పిల్లలకూ నేనెవరో తెలుస్తుంది" అన్నాడు. గొంతెత్తి కూశాడు. పొగమాను అడవి అలాంటి కూత ఏనాడూ వినలేదు. కొమ్మల్లో పిట్టలన్నీ బిగుసుకుపోయాయి.

కూత విని చిగురు పరుగున వచ్చింది. అప్పటికే తురాయి లోయలోకి దిగిపోయాడు. తల్లీ కూతుళ్ళు వెనకే పరిగెత్తారు. వాగు ఒడ్డున ఖాళీ జాగాలో ఒక ముసలి కోడి కనిపించింది. దాని కాలికి నిజంగానే తాడుంది. తురాయి ఆ తాడు చూశాడు. కానీ ఒళ్ళంతా పౌరుషంతో ఉడుకుతున్నవాడికి కాళ్ళు ఆగలేదు. ఇంకో అడుగు వేశాడు. ఉచ్చు బిగుసుకుంది.

గరికమ్మ నోరు తెరిచింది. చిగురు ఆమెను పొదలోకి తోసి, మీద రెక్క కప్పింది. "అరవకమ్మా. అరిస్తే మనల్ని కూడా పడతాడు" అని చెవిలో చెప్పింది. గరికమ్మ అరవలేదు. మట్టిలో ముక్కు కుక్కుకుని కట్టుకున్నవాడి కేకలు వింటూ పడుకుంది.

వేటగాడు పొద చాటునుంచి లేచి వచ్చాడు. తురాయిని తలకిందులుగా పట్టుకుని బరువు చూశాడు. "ఏం గొంతురా నీది! నిన్ను కోసుకుంటానా?" అని నవ్వాడు. తాడు విప్పి, ముసలి కోడి మెడ విరిచి సంచిలో వేసుకున్నాడు. ఆ తాడే తురాయి కాలికి కట్టాడు.

పిల్లలూ, చావు కన్నా చెడ్డది ఇక్కడ మొదలయింది.

కొన్నాళ్ళు కూత వినిపించలేదు. తర్వాత ఒక వేకువన లోయలోంచి తురాయి కూత వచ్చింది. "బతికే ఉన్నాడు!" అని గరికమ్మ ఎగిరి గంతేసింది. ఆ కూత మళ్ళీ వచ్చింది. మళ్ళీ అక్కడినుంచే. అలా నాలుగు రోజులు విన్నాక గరికమ్మ ఇక ఆగలేకపోయింది.

"తాడు పొడిచి తెంపేద్దామే" అని కూతురిని బతిమాలింది.

"చుట్టూ ఉచ్చులమ్మా. వాడు పొదలోనే కూర్చుని ఉంటాడు. ఎండెక్కగానే నాన్నను బుట్టలో పెట్టి తీసుకుపోతాడు. రోజూ వెళ్ళి దూరంనుంచి చూస్తూనే ఉన్నాను. దారి దొరకడం లేదు" అంది చిగురు. ఆ పిల్ల కూడా ఏడుస్తోంది. తండ్రిని విడిపించలేని చదువు ఎందుకని ఆ రోజు మొదటిసారి అనుకుంది.

తురాయికి కూయకుండా ఉండటం చేతకాలేదు. తెల్లవారితే గొంతు దానంతటదే విచ్చుకునేది. ఒకనాడు ఎక్కడినుంచో వచ్చిన పడుచు పుంజు ఒకటి ఆ కూతకు బదులు పలికింది. చిగురు అడ్డం వెళ్ళేలోపలే ఆ పుంజు లోయలోకి దూకింది. తురాయి కళ్ళముందే ఉచ్చులో పడింది. వేటగాడు దాన్ని తురాయి కళ్ళముందే కోశాడు. తర్వాత "శభాష్" అంటూ తురాయికి గింజలు చల్లాడు.

గరికమ్మ పొద చాటునుంచి అంతా చూసింది. తురాయి ఆ గింజలు ముట్టలేదు.

మర్నాటి వేకువన కూత రాలేదు.

"కోసేశాడా?" అంది గరికమ్మ.

చిగురు కళ్ళు మూసుకుని విన్నది. "లేదమ్మా. ఉన్నాడు. రెక్కలు కొడుతున్నాడు."

ఏ పుంజైనా కూసే ముందు రెక్కలు టపటపలాడిస్తుంది. కూత గొంతుదాకా వచ్చిందంటేనే రెక్కలు కదులుతాయి. గరికమ్మ కూడా చెవులు రిక్కించింది. లోయలోంచి టపటపమని చప్పుడు వచ్చింది. వెనకే రావలసిన కూత రాలేదు. కాసేపటికి మళ్ళీ రెక్కల చప్పుడు. మళ్ళీ ఏమీ లేదు.

"ఏం చేస్తున్నాడే?"

"మింగేస్తున్నాడమ్మా. కూతను గొంతులోనే మింగేస్తున్నాడు" అంది చిగురు.

వేటగాడు తిట్టాడు. కర్రతో పొడిచాడు. ఆకలికి మాడ్చాడు. తురాయి రెక్కలు కొట్టుకున్నాడే తప్ప కూయలేదు. కూయని కోడితో వేటగాడికి పనేముంది? ఒక వేకువన రెక్కల చప్పుడు కూడా వినిపించలేదు. తల్లీ కూతుళ్ళు వెళ్ళి దూరంనుంచి చూశారు. గుంజకు ఉత్త తాడు వేలాడుతోంది. వాగు ఒడ్డున ఎర్రటి ఈకలు పడి ఉన్నాయి.

గరికమ్మ ఒంటరిగా ఇంటికి వెళ్ళలేదు. పొగమాను అడవిలోనే ఉండిపోయి, చిన్నపిల్లల మధ్య కూర్చుని తానూ చెవి చదువు నేర్చుకుంది. ముసలితనంలో చదువేమిటని ఎవరూ నవ్వలేదు. చదువు పూర్తయ్యాక తల్లీ కూతుళ్ళు కలిసి జీలుగుకోనకు తిరిగి వచ్చారు. విన్నదీ కన్నదీ అందరికీ నేర్పారు.

కొంతకాలానికి వేటగాళ్ళు నిజంగానే ఆ కొండలు ఎక్కారు. ఒక కోడిని కట్టేసి కూయించారు. జీలుగుకోన పుంజుల మెడ ఈకలు లేచాయి. చిగురు "కదలొద్దు" అంది. ఒక్క పుంజూ కదలలేదు, ఒక్క పుంజూ పలకలేదు. వేటగాళ్ళు విసిగిపోయి వట్టి చేతులతో వెళ్ళిపోయారు.

ఆ సాయంత్రం ఒక పడుచు పుంజు గరికమ్మను అడిగింది. "అవ్వా, తాత పెద్ద వీరుడట కదా! కూస్తూనే చనిపోయాడా?"

"లేదురా. కూయకుండా చనిపోయాడు" అంది గరికమ్మ. అలా అన్నప్పుడు ఆమె తల దించుకోలేదు.

నీతి: కొత్త చోటికి వెళ్ళినప్పుడు ఆ చోటు తెలిసినవాళ్ళ మాట వినాలి, వాళ్ళు మన కడుపున పుట్టిన పిల్లలైనా సరే. పరువు కోసం ఆ మాట తోసేసినవాడికి తెలివి వచ్చేసరికి కాలికి తాడు పడి ఉంటుంది.