అచ్చులో మిగిలిన జానెడు పడుగు

మా పేరిందేవి మేడంగారిని ఏదైనా అడిగితే నోటితో జవాబు చెప్పేవారు కాదు, కాళ్ళకి చెప్పులు వేసుకునేవారు. కాలేజీలో ఆవిడ చెప్పేది తర్కశాస్త్రం. క్లాసులో గంటసేపు తర్కించిన మనిషి, క్లాసు బయట ఎవరితోనూ అర నిమిషం వాదించేవారు కాదు. "పద, చూసొద్దాం" అనేవారు. అబద్ధం ఎప్పుడైనా మంచిదవుతుందా అని ఒకమ్మాయి అడిగితే, ఆమెను తీసుకెళ్ళి సాయంత్రం దాకా పెద్దాసుపత్రి వరండాలో కూర్చోబెట్టారట. ఆవిడతో బయలుదేరితే పూటంతా పోతుందని తెలిసి, మాలో చాలామంది ప్రశ్నలు మింగేసేవాళ్ళం. నేను మాత్రం ఒకటి మింగలేకపోయాను.

అప్పటికి నేను కాలేజీలో చేరి నాలుగు నెలలు. నా పేరు నాంచారమ్మ. చీరాల పక్కన మగ్గాల పేట మాది. మా నాన్న నేస్తాడు, మా అమ్మ ఆయనకి చేదోడు. హాస్టల్లో మొదటి రోజు పక్క మంచం అమ్మాయి పేరడిగితే, నా నోటి వెంట "నళిని" అని వచ్చింది. ఆ నళిని ఎక్కడి నుంచి ఊడిపడిందో ఇప్పటికీ నాకు తెలియదు. పోనీ పేరుతో ఆగిందా అంటే అదీ లేదు. నడక మారింది, మాట మారింది, "ఏందే" పోయి "ఏమిటే" వచ్చింది. చివరికి మా నాన్నకి ఒక బట్టల కొట్టు కూడా వచ్చింది. క్లాసులో హాజరు నంబర్లతో పిలిచేవారు కాబట్టి నా గుట్టు దాగింది.

నిజం చెప్పొద్దూ, ఆ నాలుగు నెలలూ నాకెంతో బాగున్నాయి. వేపచెట్ల కింద తెగని కబుర్లు, లైబ్రరీలో పాత పుస్తకాల వాసన, ఆదివారం తలంట్లు పోసుకుని మేడ మీద వరసగా జుట్లారబెట్టుకునే పాతికమంది ఆడపిల్లలు. తలుచుకుంటే ఈ వయసులోనూ ప్రాణం అటే లాగుతుంది. అంత సంతోషంలోనూ, ఎవరైనా "నళినీ" అని వెనకనుంచి పిలిస్తే, ఎవరినో పిలుస్తున్నారనుకుని రెండడుగులు ముందుకి పోయేదాన్ని.

కార్తీకమాసంలో ఒక శనివారం మా నాన్న వచ్చాడు. షావుకారుకి చీరలు అప్పజెప్పడానికి మా కాలేజీ ఉన్న ఊరు వచ్చి, దారిలో నన్ను చూసి పోదామనుకున్నాడు. చంకలో మూట చూసి, చీరలమ్మే మనిషనుకుని ఆడపిల్లలంతా వరండాలో చుట్టుముట్టారు. ఆయన నోట్లో నాలుక లేని మనిషి. కాదని చెప్పలేక మూట విప్పాడు. నేను మెట్లు దిగుతూ చూశాను. ఆయనా నన్ను చూశాడు, ముఖమంతా నవ్వయింది. అంతలో పక్క మంచం అమ్మాయి నా చెయ్యి పట్టి లాగి, నళినీ రావే, మీదీ బట్టల కొట్టేగా, ఇది మంచి నేతో కాదో చెప్పు అంది. మా నాన్న ఆ అమ్మాయిని చూశాడు, నన్ను చూశాడు. ఆ నవ్వుని మెల్లిగా సర్దుకున్నాడు.

"చూడండమ్మా, తమరు తెలిసినవారు. నేత బాగుంటేనే తీసుకోండి" అన్నాడు నాతో.

నేను చీర అంచు వేళ్ళతో పట్టి చూసి, ఫరవాలేదు, బాగానే ఉంది అన్నాను. అంతే. ఆయన మూట కట్టుకుని గేటు దాటి వెళ్ళిపోయాడు. కన్నతండ్రి నన్ను "తమరు" అన్నాడు, నేను అనిపించుకున్నాను.

మర్నాడు పొద్దున్నే, కాలేజీ మానేస్తున్నాను, టీసీ ఇప్పించండి అని దరఖాస్తు రాసుకుని మేడంగారి గదికి వెళ్ళాను. హాస్టల్ వార్డెను కూడా ఆవిడే. ఆవిడ సంతకం లేనిదే ఆఫీసులో కాగితం కదలదు. జరిగిందంతా చెప్పాను. ఇక్కడ నళినిగా ఉండే ముఖం లేదని, ఇంటికి పోయినా పాత నాంచారిని కాలేనని, రెంటికీ చెడ్డ రేవడినయ్యానని ఏడ్చాను. మగ్గం దగ్గరే కూర్చుండిపోతే కనీసం ఒక్క మనిషిగా బతకొచ్చని నా ఆలోచన.

"ఇద్దరిలో నేనెవర్ని మేడం?" అని అడిగాను.

ఆవిడ దరఖాస్తు చదివి, మడిచి, చేతిసంచిలో పెట్టుకున్నారు. చెప్పులు వేసుకుంటూ, మీ ఊరికి బస్సెన్నింటికి అన్నారు. వద్దు మేడం అనబోయాను. అయినా ఆవిడ లేచాక కాదనగలిగినవాళ్ళు మా కాలేజీలోనే లేరు.

పేట మొదట్లో బస్సు దిగగానే ఇంటింటి నుంచీ మగ్గాల చప్పుడు. ఈ రోజుల్లో ఆ వీధిలో అంత చప్పుడు లేదు. మేం వెళ్ళేసరికి మా ఇంట్లో కొత్త పడుగు, అంటే చీర నిలువు పోగులు, మగ్గానికి ఎక్కించే పని జరుగుతోంది. మేడంగారిని చూసి మా నాన్న కంగారుగా మంచం వాల్చి తువ్వాలుతో దులిపాడు. అమ్మ మజ్జిగ తెచ్చింది. ఆమె సంబరం చూస్తే, నిన్నటి సంగతి ఆయన ఇంట్లో చెప్పలేదని తెలిసిపోయింది. నాతో మాత్రం ఆయన మాట్లాడలేదు. కోపమైతే భరించేదాన్ని. ఆయనకి కోపం లేదు, నన్ను ఏమని పిలవాలో తోచక ఊరుకున్నాడు.

మేడంగారు మంచం మీద కాకుండా మగ్గం పక్కన చాప మీద కూర్చున్నారు. మగ్గానికి అచ్చు ఉంటుంది. దువ్వెన పళ్ళలాంటి దాని సన్నటి సందుల్లోంచి పడుగు పోగులన్నీ దూరి వస్తాయి. నేత అయిపోయిన పాత పడుగు తాలూకు జానెడు ముక్క ఇంకా ఆ అచ్చులోనే ఉంది, గంజి మరకలతో, చేతి మురికితో. ఆవిడ దాన్ని చూపించి, చీర అయిపోయింది కదా, ఈ మాసిన పీలికని కోసి పారేసి కొత్తది శుభ్రంగా ఎక్కించుకోవచ్చు కదా అన్నారు.

మా నాన్న నోరు తెరిచేలోపలే నేను అందుకున్నాను.

"అయ్యో, అది కొయ్యకూడదు మేడం. కోస్తే మూడువేల పోగుల్నీ మళ్ళీ ఒక్కోటి అచ్చులో దూర్చుకోవాల, రోజులు పడతది. అదుంటే దాని కొసకి కొత్త పోగు అతుకుతాం. పాతది ముందు నడిస్తే దానెనకాలే కొత్తది వచ్చేస్తది."

నాలుగు నెలలుగా దాచుకున్న యాసంతా ఒక్క ఊపున బయటపడిందని, మాట అయ్యాక గాని నాకు తెలియలేదు. మేడంగారు "ఓహో" అన్నారు, అంతే. నా బుర్రకి అప్పటికీ ఎక్కలేదు. తర్కంలో నాకు మంచి మార్కులే వచ్చేవి మరి.

అమ్మ పొద్దుటి నుంచి అతుకుతూ ముప్పాతిక వంతు పూర్తి చేసింది. ఇక కళ్ళు లాగుతున్నాయని లేచింది. పని సగంలో ఉండగా ఖాళీ చోటు చూస్తూ ఊరుకునే అలవాటు మా ఇంట్లో లేదు, నేను వెళ్ళి కూర్చున్నాను. పాత కొసనీ కొత్త కొసనీ పక్కపక్కన పెట్టి రెండు వేళ్ళ మధ్య మెలిపెట్టాలి. ముడి వెయ్యరు, వేస్తే అచ్చు సందులో ఇరుక్కుంటుంది. పెన్నుకి అలవాటుపడ్డ నా వేళ్ళు చెమటకి జారిపోతున్నాయి. మొదటి పది పోగులూ ఊడి చేతికొచ్చాయి.

మా నాన్న పొయ్యి దగ్గరికెళ్ళి, కొబ్బరి చిప్పలో బూడిద తెచ్చి నా ముందు పెట్టాడు.

"బూడిద అద్దుకోవే నాంచారీ. చదువుకుంటే ఇది కూడా మర్చిపోతారా" అన్నాడు.

నాకు ఏడుపు ఆగలేదు. కన్నీళ్ళు పోగుల మీద పడితే గంజి పోద్దని మందలించాడు. తల ఎత్తకుండానే, నిన్న తప్పయింది నాన్నా అన్నాను. ముందు పని చూడు అన్నాడు. అంతకు మించిన మాటలతో మా నాన్న ఎవరినీ క్షమించి ఎరగడు.

పొద్దు వాలేవేళకి అతకడం అయిపోయింది. మా నాన్న ముందు నుంచి పాత ముక్కని పట్టుకుని, ఊపిరి బిగబట్టి కొద్దికొద్దిగా లాగాడు. అతుకులన్నీ అచ్చు సందుల్లోంచి జారుకుంటూ వచ్చాయి. ఒక్క పోగు తెగలేదు, మెలిపడ్డ చోట పాత కొసా కొత్త కొసా బూడిద అంటుకుని ఒకే రంగులో ఒకటే పోగయ్యాయి. వాటి వెనకే కొత్త పడుగు తెల్లగా మగ్గమంతా పరుచుకుంది. అప్పుడాయన నావైపు చూడకుండా, బూడిద చేతులు దులుపుకుంటూ, మళ్ళీ వచ్చినప్పుడు గేటు దగ్గర ఏ పేరు చెప్పి అడగమంటావే అన్నాడు. అందులో ఎత్తిపొడుపు లేదు, తెలుసుకోవడానికే అడిగాడు.

"నాంచారమ్మ నాన్ననని చెప్పు. అక్కడ నన్ను నళిని అని కూడా పిలుస్తారు. ఏ పేరు పిలిచినా నేనే వస్తాను" అన్నాను.

మేడంగారు లేచి, సంచిలోంచి నా దరఖాస్తు తీసి మడత విప్పారు. కలం మూత తీసి, నన్ను మగ్గం దగ్గరికి రమ్మన్నారు.

"అతికినదానివి నువ్వే కదా. పాత పోగు ఎక్కడ అయిపోయిందో వేలు పెట్టి చూపించు. చూపిస్తే సంతకం చేస్తాను" అన్నారు.