మునసబు బండి కింద రోలు

మునసబు జగ్గప్పదొర ఊళ్లో అందరికంటే ముందు మోటారు సైకిలు కొన్నాడు. చెయిను కడగాలంటే వెనక చక్రం పైకి లేపి నిలబెట్టాలి. పీట వేస్తే విరిగింది, గంగాళం బోర్లిస్తే సొట్టపోయింది. చివరికి ఆయన కన్ను వెనక వీధి అసిరమ్మ గుమ్మం ముందున్న రోలు మీద పడింది. ఆ వీధి మొత్తానికి అదొక్కటే రోలు.

"మీ పెరట్లోనూ రోలుంది కదా బాబూ?" అంది అసిరమ్మ.

"దానికి గ్రీజు అంటితే మా ఆవిడ ఊరుకోదే!" అంటూ దొర రోలు మోయించుకుపోయి, బోర్లించి, బండిని దానిమీద నిలిపి చక్రం ఊడదీశాడు.

మర్నాడు తెల్లారేసరికి అసిరమ్మ నానిన మినప్పప్పుతో దొర పెరట్లో రోటి ముందు కూర్చుంది. వెనక వీధి ఆడవాళ్లంతా గిన్నెలతో బారులు తీరారు.

"ఏమిటే ఇదంతా?" అన్నాడు దొర.

"ఎప్పట్లాగే పప్పు నానేశాం బాబూ. మా రోలు మీ బండి కింద ఉంది, అందుకని మీ రోట్లో రుబ్బుకుంటున్నాం. మీరు నిదానంగా కానివ్వండి."

దొరసాని వంతు వచ్చేసరికి మధ్యాహ్నం దాటింది. ఆ పూట గారెలకు బదులు ఆవిడ తిట్లతోనే దొర కడుపు నిండింది.

సాయంత్రం దొర రొప్పుతూ, తనే రోలు దొర్లించుకుంటూ వచ్చాడు. "ఎక్కడ పెట్టమంటావే?"

"తీసినచోటే పెట్టండి. ముందు బాగా కడగండి బాబూ, గ్రీజు అంటితే మా వీధి ఊరుకోదు."