బీరయ్య మూట

నాగదాసుగారిని ఏదైనా అడిగితే వెంటనే జవాబు చెప్పరు. ముందు ఏదో ఒక పని పురమాయిస్తారు. ఆ పని అయ్యేసరికి అడిగినవాడికి తన ప్రశ్న మీదే అనుమానం పుడుతుంది. ఆ సంగతి తెలిసి కూడా గొర్ల కాపరి బీరయ్య ఒక ఉదయం గురువుగారి వాకిట్లో చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

"కార్తీకంల శ్రీశైలం నడిచిపోదామనుకుంటున్న అయ్యా. పన్నెండు దినాల తొవ్వ. ఏం కట్టుకోవాలె, ఏం మోసుకపోవాలె, జర చెప్పుండ్రి."

నెల కిందటే ఒకసారి బయలుదేరాడు పాపం. రెండో రోజుకే భుజాలు పడిపోయి వెనక్కి వచ్చాడు. అసలు ఆ నడక అతని భార్య కొమురవ్వ కోరిక. 'ఈ ఏడు గొర్లు ఈననీ, వచ్చే ఏడు పోదాం' అంటూ ఇరవై ఏళ్లు ఆమెను ఊరించాడు. మొన్న మాఘంలో ఆమె కన్నుమూసింది. ఈసారి కూడా తిరిగొస్తే ఇక ఈ జన్మలో అటు అడుగు పడదని అతని భయం.

"మూట కట్టుకొని గుట్ట దాక పోయి రా," అన్నారు గురువుగారు.

బీరయ్య పోయి వచ్చాడు. వచ్చేసరికి ఒళ్లంతా చెమట. అరుగు మీద కూర్చున్న మరో శిష్యుడు, బడిపంతులు సుదర్శనం, ఊరుకుంటాడా! "ఏం బీరయ్యా, శ్రీశైలంల దుకాణం పెడతవా ఏంది?" అన్నాడు.

నాగదాసుగారు మూట విప్పారు. పైనే కొత్త బూట్లు కనిపించాయి.

"ఎప్పుడు కొన్నవ్?"

"నిన్ననే అయ్యా."

"కరుస్తయ్. నీ పాత చెప్పులకే ఆముదం పెట్టుకో." బూట్లు పక్కకు పోయాయి. గొంగడి ఉండగా ఇదెందుకని రెయిన్ కోటు, ఆ వెనకే మూడో పంచె కూడా పోయాయి. అడుగున రెండు పళ్లేలు, రెండు గిలాసలు, రెండు గొంగళ్లు ఉన్నాయి. ఒక గొంగడి కొత్తది, చింతగింజల గంజితో బిర్రుగా ఉంది. రెండోది చిన్నది. దాని ఎర్ర అంచు వెలిసిపోయింది.

"ఎంతమంది పోతున్నరు?" అని అడిగారు గురువుగారు.

బీరయ్య మూట వంక చూశాడు. చూసేదాకా అతనికీ తెలియలేదు. "ఒక్కన్నే అయ్యా," అన్నాడు. "చేతికి అలవాటు. అదే అన్నీ రెండేసి పెట్టింది." కొమురవ్వ లేదన్న సంగతి మాఘంలో కంటే ఇప్పుడే ఎక్కువ తెలిసింది. కళ్లు తుడుచుకున్నాడు. "తీసెయ్యుండ్రి."

సుదర్శనం నవ్వు నోట్లోనే ఆగిపోయింది. గురువుగారు ఒక పళ్లెం, ఒక గిలాస పక్కన పెట్టారు. కొమురవ్వ కప్పుకున్న ఆ చిన్న గొంగడిని చేతిలోకి తీసుకుని నిమిరారు. దాన్ని కూడా పక్కన పెడదామని సుదర్శనం చెయ్యి చాచాడు. ఆయన ఇవ్వలేదు. కొత్త గొంగడిని అవతలికి నెట్టి, చిన్నదాన్ని బీరయ్య భుజం మీద వేశారు.

"కొత్తది గుచ్చుతది. ఇది మెత్తవడ్డది."

"పొట్టిదయ్యా," అన్నాడు బీరయ్య, రెండు చేతులా దాని అంచు పట్టుకునే. "నా ఒళ్లంత కప్పదు."

నాగదాసుగారు మూటకు ముడి వేసి అతని చేతికి ఇచ్చారు.

"నీకు చలి పెట్టేకాడ కప్పుకో."